నేను చెప్పని సగం

పోయిన నెల మన శాఖలో జరిగిన చర్చాపోటీలో మొదటి బహుమతి నాకు వచ్చింది. విషయం మీకు గుర్తుండే ఉంటుంది: "విమానాల్లో ప్రయాణికులను తుపాకులు వెంట ఉంచుకోనివ్వాలా?" చీటీ తీస్తే నాకు "అనుకూలం" వచ్చింది. ఉంచుకోనివ్వాలనే మాట్లాడాను, గెలిచాను, స్టీలు నీళ్ళ బాటిలు, సర్టిఫికెట్టు పట్టుకొని ఇంటికి పోయాను. ఆ రోజు చప్పట్లు కొట్టింది మీరే. అందుకే ఆ రోజు నేను దాచిపెట్టిన సంగతులు కూడా మీకే చెప్పాలని ఈ గోడపత్రికకు రాస్తున్నాను.

ముందు ఒక మాట. పోటీలో నిలబడిన పదకొండు మందిలో విమానం ఎక్కినవాళ్ళు ఇద్దరే. నేను ఎక్కలేదు. దేవనహళ్ళి పక్క నుంచి బస్సులో పోయేటప్పుడు కిటికీలోంచి మెడ వంచి చూసే తెల్లటి పొట్ట, నాకు తెలిసిన విమానం అంతే. అయినా అందరం పైలట్ల లాగే మాట్లాడాం.

నా మొదటి వాదం కాందహార్ విమానం. 1999 డిసెంబరు 24న కాఠ్మాండు నుంచి ఢిల్లీకి వస్తున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఐసీ 814ను ఐదుగురు హైజాక్ చేశారు. అమృత్‌సర్, లాహోర్, దుబాయ్ తిప్పి చివరికి కాందహార్‌లో దింపారు. కొత్తగా పెళ్ళయి, నేపాల్ చూసి భార్యతో తిరిగొస్తున్న ఒక యువకుణ్ణి చంపేశారు. డిసెంబరు 31న మన ప్రభుత్వం జైళ్ళలో ఉన్న ముగ్గురిని వదిలిపెడితే గానీ మిగతావాళ్ళు ఇల్లు చేరలేదు. "ఆ విమానంలో మంచివాడి చేతిలో ఒక్క తుపాకీ ఉండి ఉంటే ఆ అమ్మాయి తాళి నిలిచేది" అన్నాను. గొంతు కూడా కొంచెం వణికించాను. అద్దం ముందు నాలుగుసార్లు అభ్యాసం చేసిన వణుకు అది.

రెండో వాదంతో నిజంగా గెలిచాను. ఎదుటి జట్టు అమ్మాయి "గుండు తగిలి చిన్న చిల్లి పడినా చాలు, విమానం పేలిపోతుంది, అందరూ బయటికి కొట్టుకుపోతారు" అంది. అది సినిమా మాట. నేను చదువుకొని వచ్చాను కాబట్టి వెంటనే లేచి, 2008 మార్చిలో అమెరికాలో డెన్వర్ నుంచి షార్లెట్‌కు పోతున్న యూఎస్ ఎయిర్‌వేస్ విమానంలో పిస్తోలు పేలింది, గుండు విమానం ఒంట్లోంచి బయటికి దూసుకుపోయింది, విమానం మాత్రం క్షేమంగా దిగింది అని చెప్పాను. ఆమె కూర్చుండిపోయింది. మేడమ్ తల ఊపుతూ మార్కులు వేసుకున్నారు.

అందులో నేను చెప్పని సగం ఇది. ఆ పిస్తోలు పైలట్‌ది. 2001 దాడుల తర్వాత అమెరికాలో పైలట్లకు శిక్షణ ఇచ్చి, ప్రమాణం చేయించి కాక్‌పిట్‌లో పిస్తోలు ఉంచుకోనిచ్చారు. అలాంటి మనిషి దగ్గర, ఏ దొంగా ఏ హైజాకరూ లేని మామూలు రోజున, దిగడానికి సిద్ధమవుతున్న వేళ, దాన్ని సర్దుకుంటుండగా పేలింది. అంటే ఆ సంఘటన నా వాదానికి సాక్ష్యమే కాదు, నామీదే సాక్ష్యం. అది తెలిసే చెప్పాను. తెలియక చెప్పి ఉంటే ఇంత రాసేదాన్ని కాదు.

ఇంటికి పోయి గెలిచిన సంగతి నాయనకు చెప్పాను. ఏం మాట్లాడానో మొత్తం మళ్ళీ అప్పజెప్పాను, వణుకుతో సహా. ఆయన అంతా విని, "బాగుంది" అని బాటిలు అటూ ఇటూ తిప్పి చూసి, మూత గట్టిగా ఉందా లేదా అని పరీక్ష చేసి ఇచ్చేశాడు. నాకు అది చాల్లేదు. "తుపాకీ గురించి కదా, నువ్వేమంటావు?" అని అడిగాను. ఎందుకంటే మా యింట్లో పన్నెండేళ్ళు తుపాకీ ఉండేది.

మాది శ్రీనివాసపురం పక్క ఊరు. నాయన మిలిటరీలో చేసి వచ్చాక బెంగళూరులో ఒక బ్యాంకు గేటు దగ్గర గన్‌మ్యాన్‌గా కుదిరాడు. తుపాకీ ఆయన సొంతది, లైసెన్సు ఆయన పేరు మీదే. రెండు గొట్టాల తుపాకీ. సాయంత్రం ఇంటికి రాగానే దాన్ని మధ్యలో విరిచి, గొట్టాల్లోంచి వెలుతురు చూసి, బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. తూటాలు వేరే. అవి దేవుడి గూట్లో పై అరలో, ఒక రేకు డబ్బాలో ఉండేవి. ఆ డబ్బా అమ్మది. అమ్మ కన్నడామె. నాయనతో, మాతో తెలుగే మాట్లాడుతుంది గానీ తూటాల లెక్క మాత్రం ఏనాడూ తెలుగులో చూడలేదు. దీపం పెట్టాక ఒందు, ఎరడు, మూరు అని హత్తు దాకా. పది ఉన్నాయంటే మాకు అన్నం.

నేను ఐదో తరగతిలో ఉండగా ఒక రాత్రి లెక్క తొమ్మిది దగ్గర ఆగిపోయింది. "ఒంబత్తే ఇదె" అంది అమ్మ. మళ్ళీ లెక్కపెట్టింది. తమ్ముడికి అప్పుడు నాలుగేళ్ళు, దొరికిందల్లా నోట్లో పెట్టుకొనే రకం. వాణ్ణి పట్టుకొని నోరు తెరిపించింది, చొక్కా విప్పింది, మంచం కింద పడుకొని వెతికింది. ఆ రాత్రి అమ్మ ముఖం నాకు ఇప్పటికీ కనబడుతుంది. చివరికి తూటా సబ్బునీళ్ళ బకెట్లో నానబెట్టిన నాయన ప్యాంటు జేబులో దొరికింది. అప్పుడు అమ్మ అడిగిన ప్రశ్న: తుపాకీలోనో బెల్టులోనో ఉండాల్సింది జేబులోకి ఎందుకు వచ్చింది? నాయన ఏదో గొణిగాడు. నాకు నిద్ర వచ్చింది.

చర్చాపోటీ రోజు సాయంత్రం ఆ జవాబు విన్నాను. అది 2016 నవంబరు. ఐదువందలు, వెయ్యి నోట్లు రద్దయిన వారం. బ్యాంకు తలుపు తీయకముందే రోడ్డు మలుపు దాకా జనం. ఆయన మాటల్లోనే రాస్తాను:

"జనం మింద మింద పడతా ఉండారు. ముసలోళ్ళు, సంకలో బిడ్డలు. ఒగామె తూలి పడబోయి నా తుపాకీ గొట్టం పట్టుకునె. పాపం పడకుండా పట్టుకునింది, అంతే. నాకు మాత్రం ఒళ్ళంతా చెమట పట్టె. ఇంగెవురన్నా గుంజితే? నేను తిరగబడితే? పేలితే ఎవురికి తగులుతుందో నాకే తెలీదు. పక్కకు పోయి రెండు తూటాలూ తీసి జేబులో ఏసుకున్నా. ఆ వారమంతా ఉత్త తుపాకీతోనే నిలబడినా."

ఉత్త తుపాకీతో కాపలా కాసినట్టు బయటికి తెలిస్తే ఉద్యోగం పోయేది. ఇప్పుడు ఆ పని మానేసి మూడేళ్ళయింది కాబట్టి రాయమన్నాడు. బ్యాంకు పేరు రాయొద్దన్నాడు. ఇంకో సంగతి కూడా చెప్పాడు. మిలిటరీలో ఉన్నప్పుడు లేహ్‌కు వాళ్ళ విమానంలోనే పోయారట. అందరూ సిపాయిలే, అందరి దగ్గరా ఆయుధాలే. అయినా ఎక్కే ముందు ఒక్కొక్కడూ తుపాకీ ఖాళీ చేసి చూపించి ఎక్కాలి. "మమ్మల్నే నమ్మలేదమ్మా," అని నవ్వాడు, "మంచి పని చేసినారు."

ఆ రాత్రి నేను పోటీకి పోగుచేసుకున్న కాగితాలన్నీ మళ్ళీ తీశాను. ఈసారి గెలవాల్సిన అవసరం లేదు గనుక వేరేగా కనబడ్డాయి. 1971 జనవరి 30న శ్రీనగర్ నుంచి జమ్మూకు వస్తున్న "గంగ" అనే మన ఫోకర్ విమానాన్ని ఇద్దరు కుర్రాళ్ళు లాహోర్‌కు తీసుకుపోయారు. వాళ్ళ చేతిలో ఉన్నవి బొమ్మ పిస్తోలు, ఉత్తుత్తి గ్రెనేడు. 1978 డిసెంబరు 20న, ఇందిరాగాంధీని జైల్లో పెట్టారన్న కోపంతో ఇద్దరు యువకులు లక్నోలో బయలుదేరిన ఢిల్లీ విమానాన్ని వారణాసికి మళ్ళించారు. వాళ్ళ దగ్గర బొమ్మ తుపాకీ, గ్రెనేడు అని భయపెట్టడానికి ఒక క్రికెట్ బంతి. మర్నాడు లొంగిపోయారు, ప్రయాణికులంతా ఇళ్ళకు చేరారు. ఆ ఇద్దరూ తర్వాత ఎమ్మెల్యేలు కూడా అయ్యారు, అది వేరే కథ. ఈ రెండు విమానాల్లోనూ ప్రయాణికుల దగ్గర నిజం తుపాకులు ఉండి ఉంటే ఏమయ్యేది? ఎవరో ఒకరు లేచి కాల్చేవాళ్ళు. రెండడుగులు కూడా లేని నడవాలో, సీటుకూ సీటుకూ మధ్య మోకాళ్ళు పట్టని చోట. ముందు కాల్చినవాడు మంచివాడో చెడ్డవాడో వెనక సీటు మనిషికి ఎలా తెలుస్తుంది? వాడూ తీస్తాడు. ఆ రెండు చోట్లా అందరూ బతికింది ఎదురుకాల్పులకు ఎవరి దగ్గరా ఏమీ లేకపోవడం వల్లేనని నాకిప్పుడు అనిపిస్తోంది.

నిజం ఆయుధాలు, శిక్షణ పొందిన కాపలావాళ్ళు, రెండూ ఉన్న విమానం కూడా ఒకటుంది. 1986 డిసెంబరు 25న బాగ్దాద్ నుంచి అమ్మాన్‌కు పోతున్న ఇరాకీ ఎయిర్‌వేస్ విమానం. హైజాకర్లు లేవగానే లోపలున్న భద్రతా సిబ్బంది వాళ్ళమీద పడ్డారు. ఆ పెనుగులాటలో గ్రెనేడ్లు పేలాయి. విమానం సౌదీ ఎడారిలో కూలి 63 మంది చనిపోయారు. ఈ కాగితం పోటీకి ముందే నా సంచిలో ఉంది. ఎదుటి జట్టుకు దొరక్కూడదని దేవుడికి మొక్కుకున్నాను.

నేను చెప్పిన కొడగు మాట కూడా గుర్తుండే ఉంటుంది: "కొడవల ఇళ్ళలో తుపాకీకి లైసెన్సే అక్కర్లేదు, అక్కడ రోజూ చంపుకుంటున్నారా?" ఆ మినహాయింపు నిజమే, 2029 దాకా పొడిగించారు కూడా. కన్నడ శాఖలో ఉన్న నా కొడవ స్నేహితురాలికి ఈ సంగతి తెలిసి, "మా తుపాకీని నీ విమానంలోకి ఎవరు తెమ్మన్నారు?" అని నన్ను నిలదీసింది. కైల్‌పోళ్దు పండక్కి తుపాకీకి పూలుపెట్టి పూజ చేస్తారట, మగబిడ్డ పుడితే ఆకాశంలోకి పేలుస్తారట. అదంతా వాళ్ళ ఇల్లు, వాళ్ళ తోట, చుట్టూ పదెకరాల ఖాళీ. మడికేరి నుంచి బెంగళూరు బస్సెక్కేటప్పుడు మాత్రం వాళ్ళ నాన్న దాన్ని ఇంట్లోనే వదిలి వస్తాడు. మన దేశంలో విమానానికి కూడా పద్ధతి ఇంచుమించు అలాగే ఉంది. లైసెన్సు ఉన్నవాడు ముందుగా చెప్పి, ఖాళీ చేసిన తుపాకీని కింద సామాన్లలో పంపించుకోవచ్చు. చేతిలో పట్టుకొని సీట్లో కూర్చోడానికే వీల్లేదు. తుపాకీ వద్దని ఎవరూ అనలేదు, నేనే అన్నట్టు చేసి మాట్లాడాను.

అమెరికా లెక్క మాత్రం నన్ను చాలాసేపు కూర్చోబెట్టింది. అక్కడ 1973 జనవరికి ముందు ప్రయాణికులందర్నీ సోదా చేసే పద్ధతి లేదు. అంటే నేను కోరిన లోకం దాదాపు అదే, ఎవడు సంచిలో ఏం పెట్టుకున్నా అడిగేవాళ్ళు లేరు. 1968 నుంచి 1972 దాకా ఆ ఐదేళ్ళలో నూట ముప్ఫైకి పైగా హైజాకింగులు జరిగాయి. సోదా మొదలుపెట్టాక ఒక్కసారిగా తగ్గిపోయాయి. ఇప్పుడు ఇంత సోదా ఉన్నా 2023లో అక్కడి విమానాశ్రయాల్లో చేతిసంచుల్లో 6,737 తుపాకులు దొరికాయి. నూటికి తొంభైకి పైగా గుండ్లు నింపి ఉన్నవే. పట్టుబడినవాళ్ళు ఎక్కువగా చెప్పే మాట, "సంచిలో ఉందని మర్చిపోయాను." అది చదవగానే నాకు అమ్మ, రేకు డబ్బా గుర్తొచ్చాయి. పది తూటాలకు మా యింట్లో రోజూ ఒక మనిషి కాపలా. నూట ఎనభై మంది కూర్చునే విమానంలో ఎవరు లెక్కపెడతారు?

కాందహార్ విమానంలోకి ఆయుధాలు ఎలా వచ్చాయో కూడా నేను పోటీలో చెప్పలేదు. కాఠ్మాండు విమానాశ్రయంలో సోదా సరిగ్గా లేకపోవడంతో లోపలికి వచ్చాయి. వాటిని ఆపలేకపోవడమే అక్కడి తప్పు. నేనేమో ఇంకా రానివ్వండి అని అడిగాను. ఆ తర్వాతే మన విమానాశ్రయాల కాపలా సీఐఎస్ఎఫ్ చేతికి వచ్చింది, 2000లో జైపూర్‌తో మొదలుపెట్టి.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ కొత్త పెళ్ళికూతురు నా ఎదురుగా కూర్చొని, "మా ఆయన చేతులు కట్టేసి ఉన్న ఆ గంటలో ఎవరి దగ్గరైనా ఏదైనా ఉంటే బాగుండేదని నేను కోరుకోవడం తప్పా?" అంటే నా దగ్గర జవాబు లేదు. ఈ కాగితాలన్నీ ఆమె ముందు పరచలేను. ఆమెను చప్పట్ల కోసం వాడుకున్నందుకు మాత్రం సిగ్గుగా ఉంది.

నాయనను అడిగాను, "నువ్వు ఆ విమానంలో ఉండుంటే, తుపాకీ ఉండుంటే?" చాలాసేపు ఏమీ అనలేదు. "తెలీదమ్మా," అన్నాడు తర్వాత. "పన్నెండేళ్ళు మోసినా గానీ, ఆ ఒగామె గొట్టం పట్టుకున్నప్పుడు పడినంత భయం ఏ దొంగోణ్ణి తలుచుకొనీ పడలా."

బాటిలు తిరిగి ఇచ్చేయాలా అని మేడమ్‌ను అడిగాను. "రాసివ్వు, చాలు" అన్నారు. కాబట్టి రోజూ తెచ్చుకుంటున్నాను. నాయన పని మానేసినప్పుడే తుపాకీని, మిగిలిన తూటాలను అప్పజెప్పేసి, లైసెన్సు రద్దు చేయించుకున్నాడు. ఆ రేకు డబ్బాలో అమ్మ ఇప్పుడు లవంగాలు పోసుకుంటోంది. కడిగి ఎండబెట్టిన డబ్బానే, అయినా సాయంత్రం దీపం పెట్టాక ఒక్కోసారి మూత తీసి లోపలికి చూసి, మళ్ళీ పెట్టేస్తుంది.