కురే రేవులో కొండ పేరుగల ఓడ

జపాను దేశపు పటం తీసి హిరోషిమా నగరం ఎక్కడున్నదో చూడండి. దానికి ఆగ్నేయంగా, సముద్రపు ఒడ్డునే కురే అనే ఊరున్నది. హిరోషిమాలో రైలెక్కితే గంటలోపే చేరవచ్చు. ఎక్కేవాళ్ళు కుడివైపు కిటికీ దగ్గర కూర్చోవాలి. దారి పొడుగునా నీళ్ళూ, ఆ నీళ్ళలో పచ్చని లంకలూ కనిపిస్తూ ఉంటాయి.

కురేకు మూడు ప్రక్కల కొండలు. నాలుగో ప్రక్క సముద్రానికి లంకలు అడ్డు. లోతైన నీరున్నది, తుఫాను భయం తక్కువ, బయటి సముద్రంలో పోయే ఓడకు లోపల ఏం జరుగుతున్నదీ కనపడదు. జపాను నౌకాదళం ఇక్కడ 1889లో స్థావరం పెట్టుకున్నదంటే ఆశ్చర్యమేమీ లేదు. తరవాత అక్కడ పెద్ద ఓడల కర్మాగారం వెలిసింది. 1945లో ఊరు బాంబులకు చాలావరకు కాలిపోయినా, ఓడలు కట్టే పని మాత్రం అక్కడ ఇంకా సాగుతూనే ఉన్నది.

రేవు దగ్గర 2005లో తెరిచిన ప్రదర్శనశాల ఒకటున్నది. అందులో ‘యమాతో’ అనే యుద్ధనౌకను పదోవంతు కొలతకు చేసి నిలబెట్టారు. పదోవంతే, అయినా పొడుగు 26 మీటర్లు! ఈ చివర నుంచి ఆ చివరకు పిల్లలు పరుగులు పెడుతూ ఉంటారు. అసలు యమాతోను ఈ ఊళ్ళోనే కట్టారు. దాన్ని చూడటానికే జనం వస్తారు. నేను మాత్రం మీకు దానికంటె ముందు ఇక్కడ పుట్టిన మరొక ఓడ సంగతి చెబుతాను. దాని పేరు ‘అకాగి’. తోక్యోకు ఉత్తరాన ఉన్న ఒక కొండ పేరది. ఆ రోజుల్లో జపానువాళ్ళు ‘బాటిల్ క్రూజర్’ జాతి ఓడలకు కొండల పేర్లు పెట్టేవారు.

బాటిల్ క్రూజర్ అంటే ఏమిటి? యుద్ధనౌకకున్నంత పెద్ద ఫిరంగులు ఉండాలి, కాని దానికంటె వేగంగా పరుగెత్తాలి. అన్నీ కావాలంటే అది గొంతెమ్మ కోరికే. ఎందుకో చూడండి. ఓడ వేగం పెంచాలంటే పెద్ద యంత్రాలు పెట్టాలి. అవి పట్టాలంటే ఓడను పొడుగు చెయ్యాలి. పొడుగు పెరిగితే ప్రక్కల తొడిగే ఉక్కు కవచమూ పెరగాలి. కవచం పెరిగితే బరువు పెరిగి వేగం తగ్గుతుంది! మళ్ళీ మొదటికి వచ్చామా? బండికి నాలుగు బస్తాలు ఎక్కువ వేశామని మరో జత ఎడ్లను కట్టి, ఆ ఎడ్ల గడ్డి కోసం ఇంకొక బండి కట్టినట్టుంటుంది.

ఇంగ్లీషువాళ్ళు మొదట ఈ చిక్కును కవచం పలచన చేసి దాటారు. 1916 మే 31న జట్లాండు యుద్ధంలో దానికి ఫలితం తెలిసింది. వాళ్ళ బాటిల్ క్రూజర్లు మూడు, ఒకటి తరవాత ఒకటిగా పేలిపోయాయి. ఒక్క మధ్యాహ్నం, సాయంత్రం లోపల ఆ మూడింటితో 3 వేలమందికి పైగా నావికులు పోయారు. కాగితం మీద పెన్సిలుతో కవచాన్ని ఒక అంగుళం తగ్గించటం తేలిక. ఆ అంగుళం వెనక మనుషులుంటారు.

ఆ వార్త తరవాత జపానులో కొత్త బాటిల్ క్రూజర్లకు నమూనా గీసినవాడు హిరగా యుజురు. ఆయన ఇంగ్లండులో నౌకానిర్మాణం చదివి వచ్చిన ఇంజనీరు. తరవాతి కాలంలో తోక్యో విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడు కూడా అయినాడు. ఆయన లెక్క ఎట్లా వేశాడో తెలియాలంటే, కురేలోనే 1920లో పూర్తయిన ‘నగాతో’ అనే యుద్ధనౌకను ప్రక్కన పెట్టుకుని చూడాలి. నగాతో బరువు 33,800 టన్నులు, అకాగికి అనుకున్నది 41,200 టన్నులు. నగాతోకు 41 సెంటీమీటర్ల నోరుగల ఫిరంగులు 8, అకాగికి 10. ఆ ఫిరంగి గుండు ఒక్కొక్కటీ సుమారు టన్ను బరువు! నగాతో వేగం 26న్నర నాట్లు, అకాగికి 30 నాట్లు. నాటు అంటే గంటకు 1,852 మీటర్లు.

పెరిగింది మూడున్నర నాట్లేగదా అనుకోకండి. నగాతో యంత్రాల బలం 80 వేల గుర్రాలు. అకాగికి 1,31,200 కావలసి వచ్చింది. వేగం పెరిగేకొద్దీ నీరు అంతకు ఎన్నో రెట్లు ఎదురుతిరుగుతుంది. అందుకే ఓడ పొడుగు కూడా 216 మీటర్ల నుంచి 252 మీటర్లకు సాగింది.

మరి కవచం? నగాతోకు 305 మిల్లీమీటర్లుంటే అకాగికి 254 మాత్రమే ఇవ్వగలిగారు. హిరగా ఇక్కడొక ఉపాయం చేశాడు. పలకను నిటారుగా నిలపకుండా, పైఅంచు బయటికి వచ్చేటట్టు 12 డిగ్రీలు ఒరిగించాడు. మీ అమ్మగారు అరటికాయను ఏటవాలుగా తరిగితే చక్రం పెద్దదవుతుంది, చూశారా? అట్లాగే దూరం నుంచి 20 డిగ్రీల వాలులో పడే గుండుకు, 254 మిల్లీమీటర్ల పలక నిటారుగా ఉంటే 270 మిల్లీమీటర్ల ఉక్కు అడ్డు వస్తుంది. ఒరిగి ఉంటే 300 దాకా వస్తుంది. పలక మందం పెంచకుండానే! పై తరగతులవాళ్ళు ఈ లెక్క వేసి చూసుకోవచ్చు.

ఇట్లాంటి ఓడలు నాలుగు కట్టాలనుకున్నారు. 1920 డిసెంబరులో అకాగి కురేలోనూ, దాని అక్క ‘అమాగి’ యొకొసుకా రేవులోనూ మొదలైనాయి. కాని ఆ రోజుల్లో జపాను ప్రభుత్వపు ఖర్చులో సుమారు మూడోవంతు ఒక్క నౌకాదళానికే పోయేది. ఇంట్లో రూపాయికి అయిదణాలు కత్తులు కొనటానికే పోతే బియ్యం మాటేమిటి? 1922 ఫిబ్రవరిలో వాషింగ్టనులో అయిదు రాజ్యాలు ఒప్పందం చేసుకుని, పెద్ద యుద్ధనౌకల పోటీకి హద్దు పెట్టుకున్నాయి. చివరి రెండు ఓడలను మానేశారు. అకాగి, అమాగిల సగం కట్టిన ఒళ్ళను విమానవాహకాలుగా మార్చుకోవటానికి ఒప్పందంలో వీలున్నది.

అంతలో 1923 సెప్టెంబరు 1న మహాభూకంపం వచ్చింది. యొకొసుకాలో అమాగి ఒళ్ళు బాగుచేయటానికి వీల్లేకుండా దెబ్బతిన్నది. దాన్ని విరగ్గొట్టి, బదులుగా ‘కాగా’ అనే మరొక ఓడను తీసుకున్నారు. అకాగి 1927లో పూర్తయింది. ఆ పది ఫిరంగుల అరలూ లేవు. వాటి చోట విమానాలు దిగే చదునైన కప్పు. కవచాన్ని కూడా పలచన చేశారు. బాటిల్ క్రూజర్ గుర్తుగా దానికి మిగిలింది ఆ పొడుగాటి ఒళ్ళు, కొండ పేరు.

కురేలో ప్రదర్శనశాల ఎదుట గట్టు మీదికెక్కించిన ఒక జలాంతర్గామి కూడా ఉన్నది. దాన్ని చూస్తే విశాఖపట్నం పిల్లలకు తమ సముద్రతీరంలోని ‘కుర్సురా’ గుర్తుకు రాక మానదు. విశాఖకూ ఈ కథకూ సంబంధం లేకపోలేదు. 1942 ఏప్రిల్ 5న అకాగి, తోటి ఓడలూ హిందూ మహాసముద్రంలోకి వచ్చి కొలంబో మీదికి విమానాలు పంపాయి. ఆ మరునాడే ‘ర్యూజో’ అనే మరొక జపాను విమానవాహకం నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. బండ్లు కట్టుకుని, పిల్లలను చంకనెత్తుకుని జనం పల్లెలకు తరలిపోయిన సంగతి విశాఖలో పాతకాలంవారు చెబుతూ ఉండేవారు.

రెండు నెలలు తిరగకుండా, జూన్ నెలలో మిడ్వే దీవి దగ్గర అమెరికా విమానం వేసిన బాంబు అకాగి కప్పును చీల్చుకుని లోపల పడ్డది. నూనె నింపిన విమానాలూ, బాంబులూ అంటుకున్నాయి. హిరగా లెక్కలన్నీ దూరపు ఓడ పేల్చే గుండు కోసం వేసినవి. ఇది నడినెత్తి మీది నుంచి వచ్చింది. ఇక ఆర్పటానికి వీల్లేక, మర్నాడు తెల్లవారుజామున జపానువాళ్ళే దాన్ని ముంచేశారు. 2019లో పరిశోధకులు అయిదు వేల మీటర్లకు పైగా లోతున దాన్ని కనుగొన్నారు. అకాగి ఇప్పుడు అక్కడే ఉన్నది.