ముదురు నారు

పోయిన వేసవిలో నాలుగు రోజులు ఇల్లంతా నాదే అయింది. మా ఆయన పాపని తీసుకుని గుడివాడలో వాళ్ళమ్మగారింటికి వెళ్ళాడు. ఆరేళ్ళుగా నేను ఎదురుచూస్తున్న తీరిక అది. కృష్ణా డెల్టా ఆడవాళ్ళు రాసుకున్నవాటి మీదా, పాడుకున్నవాటి మీదా చేసిన నా థీసిస్‌ని పుస్తకంగా తిరగరాయాలని పిహెచ్‌డి వచ్చిన రోజే అనుకున్నాను. ఎప్పుడొస్తుందని ఎవరడిగినా నా జవాబు ఒకటే, "తీరికెక్కడండీ!"

తీరా తీరిక దొరికాక మొదటిరోజు వంటింటి అలమర సర్దాను. రెండోరోజు కందిపొడి కొట్టాను. మూడోరోజు రిఫరెన్సుల కోసమని లెనిన్ సెంటర్‌కి వెళ్ళి పాత పుస్తకాలు తెచ్చుకున్నాను. నాలుగోరోజు ఫైలు తెరిచి, మొదటి పేరాలో రెండు కామాలు మార్చి మూసేశాను.

తీరిక లేదన్నది అబద్ధం కాదు. పాలు కాయకపోతే విరిగిపోతాయి. ఫీజు కట్టకపోతే స్కూలు నుంచి ఫోనొస్తుంది. ఎన్నిసార్లు వెనక్కి నెట్టినా ఎవరూ ఏమీ అనని పని నా రాత ఒక్కటే. తోటి మగ లెక్చరర్ ఇంట్లో తలుపేసుకుంటే "రాసుకుంటున్నారు" అంటారు. నేను వేసుకుంటే "ఒంట్లో బాగాలేదా?" అని తలుపు కొడతారు. ఇదంతా నిజమే. కానీ ఆ నాలుగు రోజులూ నా తలుపు కొట్టినవాళ్ళు లేరు. మరి నేనెందుకు రాయలేదు?

వాయిదా వేయడం టైము సర్దుకోవడం చేతకాక కాదు, మనసుని సర్దుకోవడం చేతకాక అని 2013లో ఫ్యూషియా సిరోయ్, టిమోతీ పిచిల్ అనే మనస్తత్వ పరిశోధకులు రాశారు. పని తలుచుకోగానే పుట్టే బెరుకు నుంచి కాసేపు తప్పించుకుంటామట. నా బెరుకేమిటో నాకు తెలుసు. థీసిస్ పరీక్షకులు చదివి ఊరుకుంటారు. పుస్తకాన్ని ఎవరైనా చదవొచ్చు, తీసిపారేయొచ్చు. రాయనంతకాలం అది గొప్ప పుస్తకమే. ఇంటిచాకిరీ గురించి ఇన్ని వ్యాసాలు చదివిన నేను, ఆ చాకిరీ వెనకే వెళ్ళి దాక్కున్నానన్నమాట.

ఇది అర్థమయ్యాక భండారు అచ్చమాంబని తలుచుకుని నన్ను నేను తిట్టుకోవడం మొదలుపెట్టాను. నందిగామ దగ్గర పెనుగంచిప్రోలులో 1874లో పుట్టి, బడికి పోకుండానే చదువు నేర్చి, కన్నపిల్లల్ని పోగొట్టుకుని కూడా ఆమె 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' తెచ్చింది. 1902లో బందరులో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టింది. 1905లో పోయింది, ముప్పయ్యేళ్ళకి. నా వయసు అప్పటికే ఆమె వయసు దాటింది.

ఎంత తిట్టుకున్నా ఒక్క పేజీ ముందుకి కదల్లేదు. తిట్టుకోవడమూ రాయకుండా ఉండే ఇంకో దారే. కెనడాలో విద్యార్థుల మీద జరిగిన ఒక అధ్యయనం 2010లో అచ్చయింది. మొదటి పరీక్షకి చదువు వాయిదా వేసినందుకు తమని తాము క్షమించుకున్నవాళ్ళు రెండో పరీక్షకి తక్కువ వాయిదా వేశారని తేలింది. ఆ మాటకొస్తే అచ్చమాంబ కూడా మూడు భాగాలు తలపెట్టింది, అన్నీ పూర్తికాలేదు. వందేళ్ళు దాటాక కూడా మన చేతికి అందుతున్నది ఆమె రాసినంతే.

అదే మాట దివిసీమలో మా అమ్మమ్మ ఇంకోలా చెప్పింది. నా నాలుగో చాప్టర్‌లో ఉన్న ఊడ్పు పాటలు ఆమె పాడినవే. ఇప్పుడామెకి చూపు బాగా తగ్గింది. "నీ పుస్తకం ఎందాకా వచ్చిందే?" అని అడిగితే, "ఇంక లాభం లేదమ్మమ్మా, నారు ముదిరిపోయింది" అన్నాను.

"కాలవ నీళ్ళు ఆలస్యమైతే మన శివారు చేలల్లో నారు ముదరదా? ముదిరింది పిలకలు తక్కువేస్తది. అట్టాగని పారేస్తామంటే? కుదురుకి రెండు మొక్కలు ఎక్కువేసి ఊడుస్తాం" అంది.

నారు ముదిరిందన్న నిజాన్ని ఆమె కాదనలేదు, ఎవరినీ తప్పుపట్టనూ లేదు. నీళ్ళు సమయానికి వదలమని అడగాల్సిందే. ఇంట్లో గిన్నెలెవరు తోమాలో తేల్చుకోవాల్సిందే. అవన్నీ తేలేదాకా నారు ఆగదు.

"రాస్తాను" అనుకోవడం కన్నా, ఫలానా పని అవగానే ఫలానా చోట కూర్చుంటానని ముందే నిర్ణయించుకుంటే పని జరిగే అవకాశం ఎక్కువని పీటర్ గోల్విట్జర్ 1999లో రాశాడు. నా నిర్ణయం చిన్నది. పాప స్కూలు ఆటో ఎక్కగానే, సింకులో గిన్నెలు అలాగే వదిలేసి, భోజనాల బల్ల దగ్గర అరగంట. ఆదివారం రాత్రి, ఆ వారం రాసింది అమ్మమ్మకి ఫోన్లో చదివి వినిపించాలి. బాగున్నా బాగోకపోయినా చదవాలి.

బెరుకు పోలేదు. అదీ నాతోపాటే బల్ల దగ్గర కూర్చుంటోంది. నాలుగో చాప్టర్ మాత్రం సగం దాటింది. పోయిన ఆదివారం ఒక పాటలో మాట తప్పు రాశానని అమ్మమ్మ కోప్పడింది. దిద్దుకున్నాను.