అతుకుల దిండ్లు

ఇంటికి కొత్తదనం అంగడి నుండి రావాలని మనం సాధారణంగా భావిస్తాం. పండుగ వస్తే గోడలకు రంగు వేయిస్తాం. దిండ్లకు కొత్త గలీబులు కొంటాం. పాతగుడ్డలే ఒక ఇంటిని తిరిగి నిలబెట్టగలవని నాకు నేర్పినది గ్రంథం కాదు, మా అమ్మ.

2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్రా హంద్రీ నదులు పొంగి కర్నూలును ముంచెత్తాయి. ఏటా చినుకు కోసం ఆకాశం వంక చూచే సీమలో, ఆనాడు నీటిని చూచి పరుగెత్తాము. పొరుగువారి మేడ మీద తలదాచుకొని ప్రాణాలు దక్కించుకొన్నాము.

నీరు తీసిన పిదప ఇంటికి వస్తే గదుల నిండా బురదే. బూరుగుదూది దిండ్లు నాని కుళ్లిపోయాయి. పరిశోధన కాలంలో ప్రబంధాలపై నేను వ్రాసుకొన్న కాగితాలను ఒక ఎమ్మిగనూరు దుప్పటిలో మూటకట్టి దాచుకొన్నాను. మాచాని సోమప్ప 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘం వలన పేరుగాంచిన నేత అది. కాగితాలు ముద్దగా మారాయి. దుప్పటి మాత్రం మిగిలింది.

"అన్నీ పారేద్దామమ్మా" అన్నాను విరక్తితో.

"పారేసేదానికి ఎంతసేపు నాయనా? ముందు ఉతకనీ" అన్నది అమ్మ.

ఆమె జమ్మలమడుగు ప్రాంతంలో పుట్టి పెరిగింది. పాతచీరలను పొరలుగా పేర్చి బొంతలు కుట్టడం చిన్ననాడే నేర్చింది. బొంతను సంస్కృతంలో 'కంథ' అంటారు. వంగదేశపు స్త్రీలు పాతచీరలపై కుట్టే కుట్టుకు నేటికీ ఆ పేరే ఉన్నది. ఈ సంగతి నేను నిఘంటువులో చదివాను. అమ్మ చేతితో ఎరుగును.

గతించిన నాన్నగారి పంచె, అమ్మ గద్వాల చీర, మా అమ్మాయి ముఖమల్ గౌను, నా దుప్పటి - వీటిని ఉతికి ఆరవేసి, చెడినంత మేర కత్తిరించి, దిండ్ల గలీబులు కుట్టడానికి ఆమె పూనుకొన్నది.

"ఇన్ని రకాల గుడ్డలు ఒకచోట పొసగుతాయా?" అని అడిగాను.

"గద్వాల చీరలో ఒడలు నూలు, అంచు పట్టు. రెండూ కల్సి లేవా? దేని గుణం దానిది. అది తెలుసుకొని కుట్టాల."

నూలు తడిస్తే కుంచించుకుపోతుంది కనుక, ఉతికి ఆరిన తరువాతనే కత్తెర పట్టింది. పట్టు జారుతుంది కనుక దాని వెనుక పంచె ముక్కను అస్తరుగా వేసింది. ముఖమల్ నూగు ఒకే దిక్కుకు వాలేటట్లు ముక్కలను అమర్చింది. దళసరి దుప్పటిని రాపిడికి ఓర్చే అడుగువైపు ఉంచింది. పోగులు ఊడకుండా అంచులను లోపలికి మడిచి కుట్టింది. ఆదోని నుండి తెప్పించిన దూదిని ఏకించి నింపింది.

సంస్కృత పదమూ తెలుగు పదమూ నియమం ప్రకారం కలిస్తే మిశ్రసమాసం, నియమం తప్పి కలిస్తే వైరిసమాసం అని తరగతిలో ఎన్నిసార్లో చెప్పాను. ఆ పాఠం నాకు పూర్తిగా బోధపడినది అమ్మ సూదిమొన వద్దనే.

వరదమరక ఇంకా చెరగని గోడకు ఆనించి ఆ దిండ్లను వరుసగా పేర్చింది. శూన్యంగా ఉన్న గది ఒక్కసారిగా మా ఇల్లయింది. నాన్నగారు, అమ్మ, మా అమ్మాయి, నేను - అందరమూ ఆ అతుకులలో ఉన్నాము.

ఒక దిండు అడుగున నా దుప్పటి ముక్క కనబడింది. దానికి అంటిన సిరా ఎంత ఉతికినా పోలేదు. అమ్మ దానిని లోపలికి మడవలేదు; పైకే ఉంచింది. ఆ రాత్రి ఆ దిండును ఒడిలో పెట్టుకొని, దాని మీద ఒక తెల్లకాగితం పరచి, పోయిన వ్రాతలను మొదటి పుట నుండి మళ్లీ వ్రాయడం మొదలుపెట్టాను.