ఫెయిర్‌ఫాక్స్ పార్కులు: మన వనభోజనాల వెనుక కథ

వర్జీనియాకి చుట్టపుచూపుగా ఎవరొచ్చినా మనం ముందు తీసుకెళ్ళేది వాషింగ్టన్ డీసీకి. వైట్‌హౌస్, లింకన్ మెమోరియల్, స్మిత్‌సోనియన్ మ్యూజియంలు ఒక రోజు. లూరే గుహలు రెండో రోజు. మూడో రోజుకి వచ్చినవాళ్ళకీ, మనకీ ఓపిక అయిపోతుంది. ఆ మూడో రోజు కోసమే ఈ వ్యాసం. ఇంటికి పది, ఇరవై నిమిషాల దూరంలో చూడదగ్గ చోట్లు బోలెడున్నాయి. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ పార్క్ అథారిటీ చేతిలో 420కి పైగా పార్కులు, 23 వేల ఎకరాలకు పైగా భూమి ఉంది. అంటే కౌంటీలో నూరెకరాలుంటే తొమ్మిదెకరాలు పార్కులే!

బర్క్ లేక్: విమానాలు దిగాల్సిన చోటు

ముందుగా బర్క్ లేక్‌కి వెళ్దాం. 218 ఎకరాల చెరువు, దాని చుట్టూ నాలుగున్నర మైళ్ళకు పైగా కాలిబాట. పిల్లలకి బుల్లి రైలు, రంగులరాట్నం ఉన్నాయి. పెద్దవాళ్ళకి చెట్ల నీడన బల్లలున్నాయి. సీజన్‌లో శని, ఆదివారాలు వేరే కౌంటీ నుంచి వచ్చే కార్లకి రుసుము ఉంటుంది. మన కౌంటీ వాళ్ళకి ఉండదు.

ఈ చెరువుకి ఒక కథ ఉంది. వాషింగ్టన్‌కి రెండో విమానాశ్రయం కట్టాలని 1951లో కేంద్ర ప్రభుత్వం ఎంచుకున్న చోటు ఇదే. భూసేకరణ కూడా జరిగింది. చుట్టుపక్కలవాళ్ళు గట్టిగా అడ్డుపడ్డారు. చివరికి 1958లో ప్రెసిడెంట్ ఐసన్‌హోవర్ షాంటిలీ దగ్గరి స్థలాన్ని ఎంపిక చేశారు. మనలో చాలామంది రెండేసి పెద్ద సూట్‌కేసులతో, ఆవకాయ సీసాలతో బిక్కుబిక్కుమంటూ దిగిన డలెస్ విమానాశ్రయం అదే. 1962లో తెరిచారు. బర్క్‌లో తీసుకున్న భూమిలో కొంత ఇప్పుడు ఈ పార్కు. ఆనాడు జనం ఊరుకుని ఉంటే ఈ చెరువు దగ్గర రన్‌వే ఉండేది.

మా నాన్నగారు రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. విజిటర్ వీసా మీద వచ్చిన ఆరు నెలల్లో రోజూ సాయంత్రం ఏదో ఒక పార్కులో నడవందే ఆయనకి తోచేది కాదు. బర్క్ లేక్ చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "ఇంత పోరంబోకు ఎవరూ ఆక్రమించకుండా ఎలా ఉందిరా?" అన్నారు. నవ్వొచ్చింది గానీ, ఆలోచిస్తే అది అడగాల్సిన ప్రశ్నే. చెరువులూ, పచ్చిక బయళ్ళూ కాగితాల మీద మిగిలి, నేల మీద మాయమవడం ఆయన సర్వీసంతా చూశారు మరి.

ఒక్క డాలరు అడవి

హంట్లీ మెడోస్ చూస్తే ఆ ప్రశ్న ఇంకా బలపడుతుంది. అలెగ్జాండ్రియా వైపు, ఇళ్ళ మధ్యలో, పదిహేను వందల ఎకరాలకు పైగా అడవి, చిత్తడి నేల. 1920లలో ఒకాయన ఇక్కడ గాలి ఓడలకి విమానాశ్రయం కట్టాలని కలగన్నాడు. తర్వాత కేంద్ర ప్రభుత్వం తీసుకుని రోడ్ల తారు మీద పరీక్షలు చేసింది. కొన్నాళ్ళు సైన్యం అవసరాలకి వాడారు. 1975లో ఈ భూమిని ఒకే ఒక్క డాలరుకి కౌంటీకి ఇచ్చేశారు, పార్కుగా వాడాలని.

ఇచ్చేశారు కదా అని అది తనంతట తానే నిలబడలేదు. బీవర్లు అడ్డుకట్టలు కట్టి నీళ్ళు నిలిపాయి, పక్షులు చేరాయి. కాలక్రమేణా చుట్టుపక్కల కట్టడాల నుంచి కొట్టుకొచ్చిన మట్టితో మడుగు పూడిపోసాగింది. పార్కు వాళ్ళు 2013, 2014లలో కట్ట వేసి, నీటిమట్టం అదుపు చేసే ఏర్పాటుతో దాన్ని బాగుచేశారు. మన ఊళ్ళలో చెరువు పూడిక తీయించడం లాంటిదే. చెక్క వంతెన మీద మెల్లగా నడిస్తే కొంగలు, తాబేళ్ళు కనిపిస్తాయి. పిల్లల్ని మాత్రం అరవొద్దని ముందే ఒప్పించి తీసుకెళ్ళండి.

మరీ చిన్న పిల్లలుంటే హెర్న్‌డన్‌లోని ఫ్రయింగ్ పాన్ ఫార్మ్ పార్కు మంచిది. 1920 నుంచి 1950 దాకా ఇక్కడి రైతులు ఎలా బతికారో చూపించే పొలం. ఆవులు, మేకలు, పందులు, కోళ్ళు అన్నీ ఉంటాయి. ప్రవేశం ఉచితం. మా అమ్మాయి ఆవుని మొదటిసారి దగ్గరగా చూసింది గుంటూరు జిల్లాలో కాదు, హెర్న్‌డన్‌లో! పక్కన నిలబడి గడ్డివాము గురించీ, జున్నుపాల గురించీ చెప్పింది మాత్రం మా అమ్మే.

ఎవరు నడుపుతున్నారు?

ఇక నాన్నగారి ప్రశ్నకి జవాబు. పార్క్ అథారిటీ 1950లో ఏర్పడింది. పన్నెండు మంది బోర్డు సభ్యులుంటారు. ఒక్కో జిల్లాకి ఒకరు చొప్పున తొమ్మిది మంది, కౌంటీ మొత్తానికి ముగ్గురు. వీళ్ళని నియమించేది మనం ఎన్నుకున్న సూపర్వైజర్లు. ఈత కొలనులు, గోల్ఫ్, సమ్మర్ క్యాంపుల వంటివి ఎక్కువగా మనం కట్టే ఫీజులతో నడుస్తాయి. కొత్త భూమి కొనాలన్నా, పెద్ద కట్టడాలు కట్టాలన్నా బాండ్లు కావాలి. వాటికి జనం ఓటు వేయాలి. 2020 నవంబరులో ఓటర్లు పార్కుల కోసం 11.2 కోట్ల డాలర్ల బాండ్లకి ఒప్పుకున్నారు. ఆ అప్పు తీరేది మన పన్నుల్లోంచే.

ప్రతి పెద్ద పార్కుకీ ఒక మాస్టర్ ప్లాన్ ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే అదే రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంటు. సంతకాలయ్యాక మార్పులు అడిగితే ఎంత కష్టమో సాఫ్ట్‌వేర్ వాళ్ళకి చెప్పనక్కర్లేదు.

రెండేళ్ళ క్రితం మా దగ్గర్లోని ఒక పార్కు ప్లాను మీద బహిరంగ సమావేశం జరిగింది. సాకర్ కోచ్‌లు వచ్చారు. కుక్కల పార్కు కావాలనేవాళ్ళు వచ్చారు. ఆ తోపులో ఏయే పక్షులు గూళ్ళు కడతాయో జాబితా రాసుకుని ఒక పెద్దావిడ వచ్చారు. వారాంతంలో అదే మైదానం అంచున మన పిల్లలు నలభై మంది క్రికెట్ ఆడతారు. సమావేశానికి వచ్చిన మనవాళ్ళు ముగ్గురం. ఎంతమంది ఆడతారు, ఏ నెలల్లో, ఏ వేళల్లో అని ప్లానర్లు అడిగారు. తెలిసినంత చెప్పాం. ముసాయిదాలో క్రికెట్‌కీ పనికొచ్చే మైదానం చేరింది, పెద్దావిడ అడిగిన చెట్ల తోపూ ఉంది. అయితే ప్లానులో ఉన్నంత మాత్రాన నేల మీదకి రాదు. డబ్బు కేటాయించాలి. ఆ వరుసలో ఎవరి పని ముందు జరగాలన్నది మళ్ళీ అడిగేవాళ్ళని బట్టి కూడా ఉంటుంది.

వనభోజనాలకి షెల్టరు ఎప్పుడు బుక్ చెయ్యాలో మనకి కంఠతా వచ్చు. చలికి భయపడి కార్తీకమాసాన్ని సెప్టెంబరుకి జరుపుకున్న ఘనులం! పార్కుని ఇంత బాగా వాడుకునే మనం ఆ సమావేశాల్లో కూడా కనిపించాలి. ఓటు పౌరులకే గానీ, అక్కడ మాట్లాడటానికి ఎవరూ వీసా అడగరు. గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు కూడా పన్ను కడుతున్నారు, వాళ్ళ పిల్లలూ ఇక్కడే ఆడుతున్నారు.

మీరు ఏ కౌంటీలో ఉన్నా ఈ సంగతులు కొద్ది తేడాలతో ఇలాగే ఉంటాయి. ఈసారి మీ దగ్గరి పార్కు గేటు పక్కన పబ్లిక్ మీటింగ్ బోర్డు కనిపిస్తే తేదీ రాసుకోండి. హైస్కూలు పిల్లలుంటే వెంట తీసుకెళ్ళండి. ఆడుకునేది వాళ్ళే గనక, మైక్ వాళ్ళకే ఇవ్వండి.