చార్మినారు దగ్గర ఒక సాయంత్రం

పిల్లలూ, రంజాను నెలలో హైదరాబాదు వెళితే, సాయంత్రంపూట చార్మినారు చూడండి. 1591లో కట్టిన ఆ నాలుగు మినార్ల చుట్టూ వీధులన్నీ ఘుమఘుమలాడుతూ ఉంటాయి. హోటళ్ల ముందు మట్టీ, ఇటుకలతో కట్టిన బట్టీలూ, వాటిలో అమర్చిన పెద్ద పెద్ద డేగిసాలూ కనిపిస్తాయి. వాటిలో ఉడికేది హలీం.

గోధుమలు, మాంసం, పప్పులు, నెయ్యి, మసాలాలు వేసి గంటల తరబడి సన్నని సెగమీద ఉడికిస్తారు. పొడుగాటి కర్రలతో మెత్తగా దంచుతారు. అంతసేపు ఎందుకంటారా? మాంసాన్ని పట్టి ఉంచే కొల్లాజెన్ అనే పదార్థం నెమ్మదిగా ఉడికితేనే కరిగి జిగురవుతుంది. గోధుమపిండి దానితో కలిసి ముద్దవుతుంది. తొందరపడితే హలీం కుదరదు! 2010లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

అసలు విశేషం వేరే ఉంది. ఆ దంచేవారిలో ఉపవాసం ఉన్నవారూ ఉంటారు. తెల్లవారినది మొదలు వారు పచ్చి మంచినీళ్లైనా ముట్టరు. పొద్దుగూకాక ముందు ఖర్జూరపు పండు, ఆ తరవాతే హలీం.

ఇంటిల్లిపాదికీ సరిపడే డబ్బాలకోసం మీ నాన్నగారితో వరసలో నిలబడి, “ఇంకా ఎంతసేపు?” అని విసుక్కోబోయే ముందు, ఆ కర్ర పట్టుకున్న మనిషి వంక ఒకసారి చూడండి. మీకన్నా ఎక్కువసేపు కాచుకున్నది అతనే.