గడువు లేని బిల్లు

రాయపూరులో అనువాదాన్ని వ్యాపారంగా చేపట్టిన తొలినాళ్ళలో ఒక కర్మాగారం వారి యంత్రాల సూచనల పుస్తకాన్ని తెనిగించి ఇచ్చాను. టైపు చేసిన అమ్మాయికి నా చేతి డబ్బే ఇచ్చాను. ఎనిమిది నెలలు గడిచినా పైకం రాలేదు. అడగడానికి మొగమాటం. చివరకు గాజులు తాకట్టు పెట్టవలసి వచ్చిన రోజున వెళ్ళి అడిగాను.

“బిల్లులో గడువు వ్రాయలేదే, అమ్మా!” అన్నాడు గుమాస్తా, హిందీలో, నవ్వుతూ.

షైలాక్ పత్రానికి గడువు మూడు నెలలని కళాశాలలో వల్లించినదాన్ని. నా కాగితం మీద తేదీ వేసుకోవాలని మాత్రం తోచలేదు!

సూక్ష్మ, చిన్న సంస్థలకు 2006 నాటి చట్టం అండ ఉన్నదని తరువాత తెలిసింది. వ్రాతపూర్వకమైన ఒప్పందం ఉన్నా, పని స్వీకరించిన 45 రోజులకు మించి బాకీ నిలుపరాదు. ఒప్పందం లేకుంటే 15 రోజులే. మీరితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఇందుకు ‘ఉద్యం’ నమోదు ముందే చేయించుకోవాలి, రుసుము లేదు.

అయినా, పని ఇచ్చేవారి మీద ఫిర్యాదు చేసే ధైర్యం ఎందరికుంటుంది? నాకు లేదు. అందుకే ఇప్పుడు సగం పైకం ముందే పుచ్చుకొంటున్నాను. గడువు తేదీని బిల్లు పైభాగాననే వేస్తున్నాను.

కర్మాగారం వారు తొమ్మిదవ నెలలో అసలు మాత్రం చెల్లించారు. గాజులకు వడ్డీ నేను కట్టుకొన్నాను.