అమ్మ ఒడిలోని బిడ్డ

నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా అమ్మకు ఒక్కటే ఫోటో. పెరటి వేపచెట్టు క్రింద పిల్లలందరితో తీయించుకొన్నది. అమ్మను మాత్రము వేరుచేసి పటము కట్టింపవలెనని దానిని కంప్యూటరులోనికెక్కించి, గింప్ అను ఉచితపు సాధనములో రబ్బరుతో చుట్టునున్నదంతయు తుడిచివేసి, పాత పేరుతోనే భద్రపరచితిని. కాగితపు ఫోటో ఆ వానకాలమే చెమ్మకు పాడైపోయినది. పటము చూచి మా అక్క చాలసేపు మాటాడలేదు. తరువాత, "చంటిది ఏదిరా తమ్ముడూ?" అని అడిగినది. ఏడాది నిండకమునుపే పోయిన మా చెల్లెలు! తెల్లని గుడ్డలో చుట్టియుండగా చీర మడతలనుకొని తుడిచితిని.

అక్క పెట్టె అడుగున అదే ఫోటో చిన్న ప్రతి యొకటి దొరకినది. ఈసారి రబ్బరు ముట్టలేదు.

ఫోటోషాపులో పొరలు 1994లో మూడవ రూపముతో వచ్చినవి, గింపులోను ఉన్నవి. పొర యనగా ఒకదానిమీద నొకటి పరచిన పలుచని కాగితమనుకొనుడి. పొరపై కుడి మీట నొక్కి, 'యాడ్ లేయర్ మాస్క్' అనుదానిని ఎన్నుకొని, తెల్లని ముసుగు కోరుడి. ముసుగు తెల్లగానున్నచోట బొమ్మ కనబడును, నల్లగానున్నచోట దాగును. నలుపు 0, తెలుపు 255. నడుమ 128 పెట్టినయెడల ఇంచుమించు సగము కనబడును. మీరు రంగు పూయునది ముసుగుమీదనే గాని బొమ్మమీద కాదు గనుక, నలుపుతో దాచినది తెలుపు పూయగానే తిరిగి వచ్చును. రబ్బరుతో తుడిచి భద్రపరచినది రాదు.

పట్టికలో ముసుగు గుర్తును నొక్కిన పిమ్మటనే కుంచె పట్టుడి. నేను మరచి అమ్మ నొసటిమీదనే నలుపు పూసితిని. వెంటనే వెనుకకు తీసికొంటిననుకొనుడి. వెండ్రుకల అంచున మెత్తని కుంచె కావలెను. పని ముగియగానే జేపెగ్‌గా మాత్రమే దాచినచో ముసుగు నిలువదు; ఎక్స్‌సీఎఫ్‌గా కూడ ఉంచుకొనుడి.

అక్క ప్రక్కన కూర్చున్నది. మమ్మునందరిని ఒకరి తరువాత ఒకరిని నలుపుతో దాచుచు ఒడి దగ్గరకు వచ్చునప్పటికి కుంచె తొందరపడి లోపలికి పోయినది. అక్క నా చేయి గట్టిగా పట్టుకొన్నది. నేను తెలుపు తీసికొని మెల్లగా రుద్దితిని. ముందు గుడ్డ అంచు, తరువాత చిన్న పిడికిలి బయటికి వచ్చినవి.

"చాలు, ఇక ముట్టకు" అన్నది అక్క.